ఎన్ని? ఎంత? – విచ్ఛిన్న, అవిచ్ఛిన్న దత్తాంశాలు



సాంఖ్యక శాస్త్రం అనగానే మనలో చాలామందికి సూత్రాలే గుర్తుకొస్తాయి. అంకమధ్యమానికి ఒక సూత్రం, మధ్యగతానికి ఒకటి, బాహుళకానికి ఇంకొకటి. పరీక్ష ముందు రోజు రాత్రి వాటిని వల్లె వేస్తాం, పరీక్ష అయిన మర్నాడు మరిచిపోతాం. కానీ సూత్రం దాకా పోకముందే వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది. ఆ ప్రశ్న వేసుకోకపోతే సరైన సూత్రంతో కూడా తప్పు జవాబు వస్తుంది. “నా చేతిలో ఉన్న ఈ సంఖ్యలు లెక్కపెడితే వచ్చినవా, కొలిస్తే వచ్చినవా?” ఇదే ఆ ప్రశ్న.

లెక్కపెడితే వచ్చేది విచ్ఛిన్న దత్తాంశం. కొలిస్తే వచ్చేది అవిచ్ఛిన్న దత్తాంశం. ఇంగ్లీషు మీడియం వాళ్ళు డిస్క్రీట్ డేటా, కంటిన్యుయస్ డేటా అని చదువుతారు. పేర్లు బరువుగా ఉన్నా విషయం మనం రోజూ వాడుకునేదే. మెల్లగా చూద్దాం.

మన భాషలోనే ఉంది ఈ తేడా

హాస్టల్లో వంట మొదలయ్యే ముందు వంటమనిషి వార్డెన్ గారిని అడిగే మాటలు గమనించండి. “సార్, ఈ రోజు ఎన్ని గుడ్లు ఉడకబెట్టాలి? పప్పు ఎంత వెయ్యాలి? నూనె ఎంత?” గుడ్లకు “ఎన్ని”, పప్పుకు “ఎంత”. చదువుకున్నా చదువుకోకపోయినా తెలుగు మాట్లాడే ఎవరూ ఇక్కడ పొరపడరు. విడివిడిగా ఉండేవాటికి “ఎన్ని”, విడదీయరానివాటికి “ఎంత” అని మన నాలుకకు తెలుసు.

అయితే భాష దారి చూపిస్తుందే తప్ప చివరిదాకా చెయ్యి పట్టుకుని నడిపించదు. మనుషులు విడివిడిగా ఉన్నా “ఎంతమంది” అంటాం. నీళ్ళు, పాలు బహువచనంలో ఉన్నాయి కాబట్టి “ఎన్ని నీళ్ళు పొయ్యాలి” అంటాం. నీళ్ళను ఎవరూ ఒకటి, రెండు అని లెక్కపెట్టలేరు కదా! పప్పును కూడా “ఎన్ని కిలోలు” అని అడిగేసరికి ఎంత కాస్తా ఎన్ని అయిపోతుంది. కాబట్టి మాటను బట్టి ఊహించుకుని, ఆ తర్వాత ఈ పరీక్ష పెట్టండి:

“పక్కపక్కన ఉన్న రెండు విలువలు తీసుకుంటే, వాటి మధ్య ఇంకో విలువ ఉండడానికి వీలుందా?”

భోజనానికి 86 మంది వస్తారు, లేదా 87 మంది వస్తారు. 86కూ 87కూ మధ్య ఎవరూ రారు. కనుక ఇది విచ్ఛిన్నం. ఒకరి బరువు 41 కిలోలు, ఇంకొకరిది 42 కిలోలు. వీళ్ళ మధ్య 41.5 కిలోల వాడు ఉండవచ్చు. 41కీ 41.5కీ మధ్య 41.2 ఉండవచ్చు. అలా మధ్యలో మధ్యలోకి ఎంత దూరం పోయినా ఇంకా చోటుంటుంది. కనుక ఇది అవిచ్ఛిన్నం. విచ్ఛిన్నం మెట్ల దారి లాంటిది, ఒక మెట్టు మీదో పై మెట్టు మీదో నిలబడగలం, మధ్యలో నిలబడలేం. అవిచ్ఛిన్నం వాలు దారి లాంటిది, ఎక్కడైనా ఆగవచ్చు.

విచ్ఛిన్న దత్తాంశం: ఒక ప్రసిద్ధ ఉదాహరణ

సాంఖ్యక శాస్త్ర గ్రంథాలలో తరచుగా కనిపించే ఉదాహరణ ఒకటి చెబుతాను. లాడిస్లాస్ బోర్ట్‌కివిచ్ అనే శాస్త్రవేత్త 1898లో ప్రచురించిన పుస్తకంలో ప్రష్యా సైన్యంలో గుర్రం తన్ని చనిపోయిన సైనికుల లెక్కలు ఇచ్చాడు. వాటిలో 10 సైనిక దళాలకు, 1875 నుంచి 1894 దాకా 20 సంవత్సరాలకు సంబంధించిన లెక్కలు తీసుకుంటే మొత్తం 200 నమోదులు అవుతాయి. ఒక దళంలో ఒక సంవత్సరంలో ఎన్ని మరణాలు జరిగాయో చూడండి:

మరణాలు 0 – 109 సార్లు
మరణాలు 1 – 65 సార్లు
మరణాలు 2 – 22 సార్లు
మరణాలు 3 – 3 సార్లు
మరణాలు 4 – 1 సారి

మొత్తం 200. ఇక్కడ తరగతులు అక్కరలేదు. విలువలు ఐదే, ప్రతి విలువకూ ఒక వరుస. మొత్తం మరణాలు 65 + 44 + 9 + 4 = 122. సగటు 122 ÷ 200 = 0.61. ఒక దళంలో 0.61 మంది చనిపోవడం సాధ్యమా? కాదు. అయినా సగటు తప్పు కాదు. విచ్ఛిన్న దత్తాంశంలో సగటు, అసలు విలువల్లో లేని సంఖ్య కావచ్చు.

మనకు దగ్గరి ఉదాహరణ కావాలంటే, 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం సంతానోత్పత్తి రేటు 1.7, తెలంగాణలో 1.8. ఏ తల్లికీ 1.7 మంది పిల్లలు ఉండరు. “ఇదేం లెక్క!” అని నవ్వేవాళ్ళకు మీరు చెప్పాలి: పిల్లల సంఖ్య విచ్ఛిన్నం, రేటు మాత్రం ఎంతోమంది స్త్రీల లెక్కలను కలిపి తీసిన సంఖ్య. అది ఒక్క ఇంటి గురించి చెప్పదు, మొత్తం సమాజం గురించి చెబుతుంది.

అవిచ్ఛిన్న దత్తాంశం: కొలిచేకొద్దీ సన్నబడేది

బెల్జియం శాస్త్రవేత్త అడాల్ఫ్ క్వెట్లే 19వ శతాబ్దంలో 5738 మంది స్కాట్లండ్ సైనికుల ఛాతీ కొలతలను పరిశీలించాడు. అవి 33 అంగుళాల నుంచి 48 అంగుళాల వరకు ఉన్నాయి. 39, 40 అంగుళాల దగ్గర ఎక్కువమంది, రెండు కొసల దగ్గర బాగా తక్కువమంది. ఛాతీ కొలత అవిచ్ఛిన్నం. కానీ పట్టికలో ఉన్నవి 33, 34, 35 వంటి పూర్ణాంకాలే. ఇది గుర్తుపెట్టుకోండి, దీని అవసరం ముందుంది.

కొలతల శాస్త్రంలో మనవాడొకరు ప్రపంచానికి దారి చూపించారు. తెలుగు కుటుంబంలో 1920లో హడగలిలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలోని భారతీయ సాంఖ్యక సంస్థలో చేరిన సి.ఆర్. రావు గారు. 1946లో ఆయన కేంబ్రిడ్జికి వెళ్ళింది సూడాన్ దేశంలోని జెబెల్ మోయా అనే చోట తవ్వకాలలో దొరికిన ప్రాచీన మానవుల ఎముకల కొలతలను విశ్లేషించడానికి. ఆ ఎముకల పొడవు, వెడల్పులు అన్నీ అవిచ్ఛిన్న దత్తాంశమే. ఆయన 2023లో, 102 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

ఇక ఎవరెస్టు సంగతి చూద్దాం. మన సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు శిఖరం మీద నిలబడ్డారు. “ఎంతమంది ఎక్కారు?” అంటే ఇద్దరు. అందులో ఎవరికీ సందేహం లేదు. “ఎంత ఎత్తు ఎక్కారు?” అంటే ఆనాటి పుస్తకాల్లో 8848 మీటర్లు అని ఉండేది. 2020 డిసెంబరులో నేపాల్, చైనా కలిసి ప్రకటించిన ఎత్తు 8848.86 మీటర్లు. శిఖరం ఒక్కసారిగా పెరిగిపోయిందని కాదు, కొలిచే సాధనాలు మెరుగుపడ్డాయి. లెక్క ఒకసారి సరిగ్గా పెడితే పూర్తయిపోతుంది. కొలతకు ఆ పూర్తి ఎప్పటికీ రాదు, ఇంకా సన్నంగా కొలవడానికి చోటు మిగిలే ఉంటుంది.

రిజిస్టరులో రాసేసరికి ఏమవుతుంది?

ఇక్కడే చాలామంది తికమకపడతారు. “ఎత్తు అవిచ్ఛిన్నం అంటున్నారు. మా హెల్త్ రిజిస్టరులో మాత్రం 148, 151, 152 అనే ఉంది. ఇది విచ్ఛిన్నం కాదా?” అని అడుగుతారు. కాదు. ఎత్తు వాలు దారి మీదే ఉంది, మనం రాసేటప్పుడు దగ్గరి మెట్టు మీదికి జరిపి రాశాం. టేపు మీద సెంటీమీటరు గీతలున్నాయి కాబట్టి దగ్గరి గీత చూసి రాశాం. అంటే రిజిస్టరులోని 152కు అసలు అర్థం “151.5కూ 152.5కూ మధ్య ఎక్కడో” అని. ప్రతి కొలత వెనకా ఇలా అటు అర, ఇటు అర దాగి ఉంటుంది. గుడ్ల లెక్కలో ఈ అర ఉండదు. 86 అంటే 86 గుడ్లే.

వయసు విషయంలో ఇది ఇంకో రకంగా ఉంటుంది. వయసు అవిచ్ఛిన్నం, ప్రతి క్షణం పెరుగుతూనే ఉంటుంది. కానీ మనం వయసును దగ్గరి సంవత్సరానికి సరిచేసి చెప్పం, నిండిన సంవత్సరాలే చెబుతాం. పూర్ణ 2000 జూన్ 10న పుట్టింది. శిఖరం మీద నిలబడిన రోజున ఆమె వయసు 13 సంవత్సరాల 11 నెలలు దాటింది. పదహారు రోజులాగితే 14 నిండుతాయి. అయినా రికార్డు ప్రకారం 13 ఏళ్ళే. అంటే వయసులో “13” అంటే 13 నుంచి 14 లోపు అని. “12.5 నుంచి 13.5” అని కాదు.

దీనివల్ల వచ్చే తేడా చిన్నదేం కాదు. ఐదుగురు విద్యార్థుల వయసులు 14, 14, 15, 15, 16 అని రాసి ఉన్నాయనుకోండి. కలిపి భాగిస్తే 14.8 వస్తుంది. కానీ ఒక్కొక్కరికీ పైన కొన్ని నెలలు ఉంటాయి కదా. సగటున అర సంవత్సరం అనుకుంటే, అసలు సగటు 15.3కు దగ్గరగా ఉంటుంది. తోబుట్టువుల సంఖ్య 14, 14, 15, 15, 16 అని ఉంటే (అంత పెద్ద కుటుంబాలు ఉండవులెండి!) సగటు 14.8 అన్నది ఖచ్చితం. సంఖ్యలు అవే, అర్థం వేరు. అందుకే లెక్కపెట్టిందా, కొలిచిందా అని ముందుగా అడగాలన్నది.

పట్టిక వేసే పద్ధతి

ఇప్పుడు రెండు పట్టికలు వేద్దాం. ఇవి అభ్యాసం కోసం ఊహించి రాసినవి.

మొదటి పట్టిక – 30 మంది విద్యార్థుల తోబుట్టువుల సంఖ్య

తోబుట్టువులు 0 – 3 మంది
తోబుట్టువులు 1 – 9 మంది
తోబుట్టువులు 2 – 10 మంది
తోబుట్టువులు 3 – 5 మంది
తోబుట్టువులు 4 – 2 మంది
తోబుట్టువులు 5 – 1

మొత్తం తోబుట్టువులు 0 + 9 + 20 + 15 + 8 + 5 = 57. అంకమధ్యమం 57 ÷ 30 = 1.9. మధ్యగతం కోసం 15వ, 16వ విద్యార్థులను చూడాలి. మొదటి రెండు వరుసల్లో 12 మంది అయిపోయారు, మూడో వరుసతో 22 మంది అవుతారు. కనుక ఇద్దరూ మూడో వరుసలోనే ఉన్నారు, మధ్యగతం 2. ఎక్కువమంది ఉన్నదీ అక్కడే కాబట్టి బాహుళకం 2.

రెండో పట్టిక – అదే 30 మంది ఎత్తులు (దగ్గరి సెంటీమీటరుకు సరిచేసి రాసినవి)

140–144 సెం.మీ. – 4
145–149 సెం.మీ. – 8
150–154 సెం.మీ. – 10
155–159 సెం.మీ. – 6
160–164 సెం.మీ. – 2

చూడగానే 144కూ 145కూ మధ్య సందు కనబడుతుంది. 144.3 సెం.మీ. ఉన్నవాడు ఏ తరగతిలోకి పోవాలి? రాసేటప్పుడు అతన్ని 144 అని రాశాం కాబట్టి మొదటి తరగతిలోనే ఉన్నాడు. 144.7 ఉన్నవాడు 145గా మారి రెండో తరగతిలోకి వెళ్ళాడు. అంటే నిజమైన హద్దు 144.5. మొదటి తరగతి 139.5 నుంచి 144.5 దాకా, రెండోది 144.5 నుంచి 149.5 దాకా. ఇలా హద్దులు సరిచేస్తే సందు పోతుంది. పాఠ్యపుస్తకంలో “దిగువ అవధి నుంచి 0.5 తీసివేసి, ఎగువ అవధికి 0.5 కలపండి” అని ఉండేది ఇందుకే. అది ఊరికే పెట్టిన నియమం కాదు, టేపు దగ్గర మనం చేసిన సర్దుబాటును గుర్తుచేసే నియమం.

ఇప్పుడు లెక్క చేద్దాం. తరగతి మధ్య విలువలు 142, 147, 152, 157, 162.

142 × 4 = 568
147 × 8 = 1176
152 × 10 = 1520
157 × 6 = 942
162 × 2 = 324

మొత్తం 4530. అంకమధ్యమం 4530 ÷ 30 = 151 సెం.మీ. మధ్యగతం 150–154 తరగతిలో ఉంది. దాని దిగువ హద్దు 149.5, అంతకు ముందున్న సంచిత పౌనఃపున్యం 12, తరగతి పొడవు 5. కనుక 149.5 + (15 – 12) ÷ 10 × 5 = 149.5 + 1.5 = 151 సెం.మీ.

ఎవరైనా హద్దుల సంగతి పట్టించుకోకుండా 140–145, 145–150 అని మార్చేసి ఇదే లెక్క చేస్తే 151.5 వస్తుంది. అర సెంటీమీటరు ఎక్కువ. పరీక్షలో మార్కు పోయేది ఇక్కడే. వయసుల పట్టికలో మాత్రం 10–14 ఏళ్ళు అని ఉంటే హద్దులు 10, 15 అవుతాయి, 9.5, 14.5 కావు. ఎందుకో మీకు ఇప్పుడు తెలుసు.

బొమ్మ గీసే పద్ధతి

మొదటి పట్టికకు కమ్మీ చిత్రం గీయాలి. కమ్మీకి, కమ్మీకి మధ్య ఖాళీ ఉంచాలి, ఎందుకంటే ఒక తోబుట్టువుకూ ఇద్దరు తోబుట్టువులకూ మధ్య ఏమీ లేదు. రెండో పట్టికకు సోపాన చిత్రం గీయాలి. దాని దీర్ఘచతురస్రాలు ఒకదానికొకటి ఆనుకుని ఉండాలి, ఎందుకంటే ఒక తరగతి ముగిసిన చోటే ఇంకొకటి మొదలవుతుంది. కమ్మీ చిత్రంలో ఎత్తు చూస్తాం, సోపాన చిత్రంలో వైశాల్యం చూస్తాం. తరగతుల పొడవులు సమానంగా లేనప్పుడు ఈ తేడా బయటపడుతుంది. అప్పుడు పౌనఃపున్యాన్ని తరగతి పొడవుతో భాగించి ఎత్తు నిర్ణయించాలి.

తికమక పెట్టేవి కొన్ని

మార్కులు: 34 తర్వాత 35, మధ్యలో ఏమీ లేదు. కనుక మార్కులు విచ్ఛిన్నమే. అరమార్కులు వేసినా విచ్ఛిన్నమే. 34, 34.5, 35 అని మెట్లు ఇంకొంచెం దగ్గరయ్యాయంతే.

బూట్ల సైజు: 6, 7, 8 సైజులు ఉంటాయి. కొన్ని కంపెనీలు ఆరున్నర, ఏడున్నర కూడా చేస్తాయి. అయినా ఇది విచ్ఛిన్నమే. పాదం పొడవు మాత్రం అవిచ్ఛిన్నం. మన పాదం వాలు దారి మీద ఉంటే, బూటు మెట్టు మీద ఉంటుంది. కొత్త బూట్లు కరవడానికి ఇదీ ఒక కారణం! “భిన్నం ఉంటే అవిచ్ఛిన్నం, పూర్ణాంకమైతే విచ్ఛిన్నం” అనే సూత్రం పనికిరాదని ఈ ఉదాహరణ చెబుతుంది.

డబ్బు: ఖచ్చితంగా చూస్తే విచ్ఛిన్నం. పైసా కంటే చిన్న మెట్టు లేదు. 2011 జూన్ 30 నుంచి 25 పైసలు, అంతకన్నా చిన్న నాణేలు చెల్లకుండా పోయాయి. కానీ వేల రూపాయల ఆదాయాల పట్టికలో పైసా అనేది కనపడనంత చిన్న మెట్టు. కనుక ఆదాయాలను అవిచ్ఛిన్నంగానే భావించి లెక్క చేస్తారు.

రోల్ నంబరు, ఫోను నంబరు: ఇవి సంఖ్యల్లా కనిపిస్తాయి కానీ లెక్కా కాదు, కొలతా కాదు. పేర్ల బదులు వాడే గుర్తులు. రోల్ నంబర్ల సగటు తీస్తే ఏ అర్థమూ ఉండదు.

గీత దగ్గర నిలబడినవాళ్ళు

ఇంతవరకు చెప్పింది పరీక్ష కోసం. ఇప్పుడు చెప్పేది బతుకు కోసం.

అవిచ్ఛిన్నమైన వాలు దారి మీద మనుషులు తరచుగా ఒక గీత గీస్తారు. గీతకు ఇవతల ఉంటే అర్హత, అవతల ఉంటే లేదు. గీత గీయకుండా పని జరగదు, ఆ మాట నిజమే. కానీ ఆ గీత ప్రకృతిలో లేదు, మనిషి గీసినది.

మన హాస్టళ్ళ నుంచి ఎందరో పోలీసు ఉద్యోగాలకు ప్రయత్నిస్తారు. 2022లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు చోట్లా వచ్చిన కానిస్టేబుల్ నోటిఫికేషన్లలో పురుషులకు కనీస ఎత్తు 167.6 సెం.మీ., మహిళలకు 152.5 సెం.మీ. (ఏజెన్సీ ప్రాంతాల గిరిజన అభ్యర్థులకు తక్కువ). ఐదు అడుగుల ఆరు అంగుళాలంటే 167.64 సెం.మీ. అంతే ఎత్తున్న తమ్ముడు గీత దాటతాడు. ఐదు అడుగులంటే 152.4 సెం.మీ. సరిగ్గా ఐదడుగులున్న చెల్లెలు ఒక్క మిల్లీమీటరు దగ్గర ఆగిపోతుంది! “నేను ఐదడుగులున్నాను, చాలు” అనుకుని ఏడాదిపాటు కోచింగు తీసుకునే ముందు సెంటీమీటర్లలో, మిల్లీమీటరు దాకా కొలిపించుకోండి. ఉదయం లేచినప్పటికంటే సాయంత్రానికి మనిషి సుమారు ఒక సెంటీమీటరు తగ్గుతాడని కూడా తెలుసుకోండి. ఏ నోటిఫికేషనుకు ఆ నోటిఫికేషన్ చూసుకోవాలి సుమా.

ఆటల్లోనూ అంతే. కబడ్డీలో పాయింట్లు లెక్కపెడతారు, సమానమైతే సమానమే. పరుగులో కాలాన్ని కొలుస్తారు. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల హర్డిల్స్ పరుగులో పి.టి. ఉష కాలం 55.42 సెకన్లు, కాంస్య పతకం గెలిచిన రుమేనియా అమ్మాయి కాలం 55.41 సెకన్లు. సెకనులో నూరో వంతు! గడియారం సెకనులో పదో వంతు వరకే చూపగలిగినదైతే కాలాల్లో వాళ్ళిద్దరినీ వేరుచేయడానికి వీలయ్యేది కాదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఆరోగ్యం. హాస్టల్లో రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ ఎంతో చెబుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం ప్రకారం 15 ఏళ్ళు నిండిన, గర్భవతులు కాని ఆడపిల్లలకు డెసీలీటరు రక్తంలో 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత. 11 నుంచి 11.9 దాకా స్వల్పం, 8 నుంచి 10.9 దాకా మధ్యస్థం, 8కి తగ్గితే తీవ్రం. 2019–21 సర్వేలో దేశంలో 15–49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మంది ఈ 12 గీతకు కిందే ఉన్నారు. ఇది ఎవరో దూరపు వాళ్ళ లెక్క కాదు, మన అక్కాచెల్లెళ్ళ లెక్క.

ఇప్పుడు ముగ్గురిని ఊహించుకోండి. మొదటి అమ్మాయికి 11.9, రెండో అమ్మాయికి 12.0. ఇద్దరికీ దాదాపు తేడా లేదు, అందులోనూ వేలి నుంచి తీసిన రక్తపు చుక్కతో చేసే పరీక్షలో ఆపాటి హెచ్చుతగ్గులు సహజం. కానీ ఒకరి పేరు ఎదుట “రక్తహీనత”, ఇంకొకరి పేరు ఎదుట “బాగుంది” అని పడుతుంది. మూడో అమ్మాయికి పోయిన ఏడాది 13.4, ఈ ఏడాది 12.1. రెండుసార్లూ “బాగుంది” అనే రాశారు. ఒక్క ఏడాదిలో 1.3 గ్రాములు పడిపోయిన సంగతి ఆ మాట వెనక దాక్కుంది. ముగ్గురిలో ముందుగా ఎవరి గురించి ఆలోచించాలి? మూడో అమ్మాయి గురించే. కానీ రిజిస్టరులో సంఖ్య రాయకుండా మాట మాత్రమే రాస్తే ఆమె ఎవరి కంటికీ కనబడదు.

కొలతను మాటగా మార్చడం తేలిక. మాటను తిరిగి కొలతగా మార్చడం ఎవరి తరమూ కాదు. అందుకే బరువు, ఎత్తు, హిమోగ్లోబిన్ ఏదైనా సరే, ముందు సంఖ్య రాయించుకోండి, తేదీ వేయించుకోండి. “నార్మల్” అన్నారు అని సరిపెట్టుకోకండి. “ఎంత వచ్చింది మేడమ్?” అని మర్యాదగా అడగండి. అది మీ హక్కు.

అభ్యాసం

ఈ కిందివి విచ్ఛిన్నమా, అవిచ్ఛిన్నమా? జవాబులు చూడకుండా రాయండి.

1. డైనింగు హాల్లో ఫ్యాన్ల సంఖ్య
2. ఆ ఫ్యాన్లు ఒక రోజులో వాడిన కరెంటు
3. గ్రంథాలయంలో పుస్తకాల సంఖ్య
4. ఒక పుస్తకం బరువు
5. 1500 మీటర్ల పరుగుకు పట్టిన కాలం
6. మీ హాల్ టికెట్ నంబరు
7. ఈ వానాకాలంలో కురిసిన వర్షం మిల్లీమీటర్లలో
8. ఈ వానాకాలంలో వర్షపు రోజుల సంఖ్య

జవాబులు: 1, 3, 8 విచ్ఛిన్నం. 2, 4, 5, 7 అవిచ్ఛిన్నం. 6 రెండూ కాదు, అది గుర్తు మాత్రమే. ఎనిమిదో దానిలో ఒక విశేషం ఉంది. భారత వాతావరణ శాఖ 2.5 మి.మీ. లేదా అంతకంటే ఎక్కువ వాన పడిన రోజునే వర్షపు రోజుగా లెక్కిస్తుంది. అంటే ముందు కొలిచి, గీత గీసి, ఆ తర్వాత లెక్కపెట్టారన్న మాట. 2.4 మి.మీ. పడిన రోజు మనం తడిసినా లెక్కలోకి రాదు!

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇకమీదట ఏ సంఖ్య కనిపించినా మూడు ప్రశ్నలు వేయండి. ఇది లెక్కపెట్టిందా, కొలిచిందా? కొలిస్తే, ఎంత సన్నంగా కొలిచారు, ఎలా సరిచేసి రాశారు? దీని మీద గీత ఎవరైనా గీశారా, గీస్తే ఎక్కడ? ఈ మూడూ అడగగలిగితే సాంఖ్యక శాస్త్రంలో సగం వచ్చినట్లే.

ఒక చిన్న పని కూడా చెబుతాను. ఈ ఏడాది నెలకొకసారి మీ గదిలోని వాళ్ళందరి ఎత్తులు, బరువులు కొలిచి, తేదీతో సహా ఒక నోటుబుక్కులో రాయండి. వార్షికోత్సవం నాటికి అందులోంచి ఒక సోపాన చిత్రం తయారవుతుంది, వచ్చే సంచికలో మీ పేర్లతో వేసుకోవచ్చు. అంతకంటే ముఖ్యం, పన్నెండు నెలల్లో మెల్లగా బరువు తగ్గుతున్న స్నేహితుడెవరైనా ఉంటే, డాక్టరు కంటే ముందు మీకే తెలుస్తుంది.


మీ హాస్టల్ పూర్వ విద్యార్థి, గణిత ఉపాధ్యాయుడు